డిక్కీలో ఒక అట్టపెట్టె

నా కారు డిక్కీలో స్టెప్నీ పక్కన ఎప్పుడూ ఒక అట్టపెట్టె ఉంటుంది. మిక్సీ కొన్నప్పుడు వచ్చిన పెట్టె. చుట్టూ పెన్సిల్ మొనతో పొడిచిన చిల్లులు. లోపల పాత నూలు దుప్పటి ముక్కలు రెండు, దళసరి తోలు గ్లవ్స్, చిన్న కత్తెర, టేపు, ఒక ఖాళీ వాటర్ బాటిల్. నేను డాక్టర్ని కాదు. ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషిని. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో దెబ్బ తగిలిన పక్షుల్నీ ఉడతల్నీ చేర్చాల్సిన చోటికి చేరుస్తుంటాను, అంతే. పదకొండేళ్ళుగా ఇదే పని.

ఫోన్ చేసినవాళ్ళు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "దీనికి ఏం పెట్టమంటారండీ?"

నేను చెప్పేదీ ఒకటే. "ఏమీ పెట్టకండి. ఇంట్లో అట్టపెట్టె ఉందా?"

ఈ జవాబు నేర్చుకోవడానికి నాకొక పావురం ప్రాణం పోయింది. ఆఫీసు అద్దానికి గుద్దుకుని మెట్ల మీద పడింది, నోరు తెరుచుకుని రొప్పుతోంది. దాహం అనుకున్నాను. ఒడిలో పెట్టుకుని, ముక్కు తెరిచి, బాటిల్ మూతతో నీళ్ళు పోశాను. ఒక్కసారి దగ్గినట్టు చేసింది, ముక్కులోంచి నురగ వచ్చింది, నా అరచేతిలోనే తల వాల్చేసింది. తర్వాత ఒక పశువుల డాక్టరుగారు చెప్పారు, పక్షికి ఊపిరి గొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుందని. మనం పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అద్దం దెబ్బకి బతికేదేమో. నేను ముంచేశాను.

అందుకని ఇక్కడ చెప్పబోయే వాటిలో 'చేయకండి' అనే మాటే ఎక్కువ వస్తుంది. విసుక్కోకండి.

ముందు, దానికి నిజంగా సాయం కావాలా?

పక్షులు పిల్లలు పెట్టే కాలంలో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం అసలు రెస్క్యూలే కావు. ఒంటినిండా ఈకలు వచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతూ కీచుకీచుమనే పిల్లను చూసి "పడిపోయింది" అనుకుంటారు. పడిపోలేదు. గూడు వదిలి ఎగరడం నేర్చుకుంటోంది. కొన్ని రోజులు ఇలా నేల మీదా పొదల్లోనే గడుపుతుంది, తల్లీతండ్రీ అక్కడికే తెచ్చి మేత పెడతాయి. మీరు పక్కనే నిలబడితే మాత్రం అవి రావు. లోపలికి వెళ్ళి, కిటికీలోంచి ఒక గంట చూడండి. రోడ్డు మీద ఉంటే, దగ్గర్లో పిల్లి తిరుగుతుంటే, ఎత్తి పక్కనున్న పొదలో పెట్టండి. అంతకు మించి పని లేదు. ఇంటికి తెచ్చారంటే దాన్ని ఎత్తుకొచ్చినట్టే లెక్క.

ఈకలు రాని, కళ్ళు తెరవని గూటి పిల్ల అయితే వేరే సంగతి. గూడు కనిపిస్తే, అందితే, తిరిగి అందులో పెట్టేయండి. "మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదు" అనే మాట మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే, కానీ పక్షుల విషయంలో అది నిజం కాదు. మీ చేతి వాసన చూసి అది పిల్లల్ని వదిలేయదు. గూడు చెదిరిపోతే చిన్న బుట్టకి అడుగున చిల్లులు పెట్టి, ఎండుగడ్డి వేసి, అదే చెట్టుకి కట్టండి. ఉడత పిల్ల కింద పడితే, దెబ్బలేమీ లేకపోతే, మూత లేని పెట్టెలో వెచ్చగా ఉంచి చెట్టు మొదట్లో పెట్టి దూరంగా కాపలా కాయండి. పగటిపూట కొన్ని గంటలు ఆగితే, తల్లి వచ్చి నోట కరుచుకుని ఇంకో గూటికి తీసుకుపోవడం నేను నాలుగైదు సార్లు చూశాను. రాకపోతే అప్పుడు ఫోన్ చేయండి.

సాయం తప్పకుండా కావాల్సినవి ఇవి: రక్తం కనిపిస్తున్నవి, రెక్క ఒకవైపు వేలాడేవి, నిలబడలేక పక్కకి ఒరిగిపోయేవి, ఒంటి మీద ఈగలు వాలుతున్నవి, చల్లబడిపోయిన పిల్లలు, పట్టపగలు నేల మీద పడి ఉన్న గబ్బిలాలు. పిల్లి నోట్లోంచి విడిపించినవి కూడా. ఆ చివరిదానికి బయట గాయమేమీ కనిపించకపోయినా సరే. పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా చిన్న పంటి గాటులోంచి పక్షి రక్తంలోకి పోతే చాలు. ఇవాళ చలాకీగా ఉండి రేపో ఎల్లుండో చచ్చిపోతుంది. ఆ రోజే డాక్టర్ యాంటీబయాటిక్ వేయాలి. "పిల్లి వదిలేసింది, ఎగిరిపోయింది, హమ్మయ్య" అన్న కథల్లో చాలావాటికి రెండో భాగం మనం చూడం.

పట్టుకోవడం

మెత్తటి గుడ్డ ఒకటి తీసుకుని వెనక నుంచి మెల్లగా వెళ్ళి, తలతో సహా మొత్తం కప్పేయండి. కళ్ళకి చీకటి పడగానే చాలా పక్షులు గింజుకోవడం ఆపేస్తాయి. తర్వాత రెండు రెక్కలూ ఒంటికి ఆనేట్టు రెండు చేతులతో పక్కల నుంచి ఎత్తండి. ఛాతీ మీద మాత్రం గుప్పిట బిగించకండి. మనకున్నట్టు పక్షికి డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఊపిరి ఆడించే కండ పొర, ఉండదు. ఛాతీ ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. చిన్న పక్షిని ప్రేమగా గట్టిగా పట్టుకుంటే, ముక్కు మూయకుండానే ఊపిరి ఆగిపోతుంది.

గద్ద, డేగ, గుడ్లగూబ లాంటివాటితో ప్రమాదం ముక్కుతో కాదు, కాళ్ళతో. ఒకసారి గద్ద నా బొటనవేలి దగ్గర గ్లవ్‌ని పట్టింది. దళసరి తోలు, అయినా గోరు మొన చర్మం దాకా దిగింది. లాగేకొద్దీ బిగించింది. కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నాకే చేయి పెట్టాలని అప్పుడు బుద్ధొచ్చింది. కొంగల సంగతి దీనికి తిరగేసి. ముక్కు ఈటె లాంటిది, సూటిగా కంటికే గురి పెడుతుంది. వాటి దగ్గర ముఖం వంచకండి.

దారం చుట్టుకున్నవాటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఇక్కడే ఎక్కువ. గాలిపటం మాంజా కానీ, చేపల గాలం దారం కానీ, ఆటల నెట్ కానీ, చూడగానే మన చేయి దాన్ని విప్పడానికి పోతుంది. విప్పకండి, లాగకండి. దారం అప్పటికే రెక్క కండలోకి కోసుకుపోయి ఉంటుంది, లాగితే రంపంలా ఇంకా కోస్తుంది. రెండు వైపులా జానెడు వదిలి కత్తిరించి, దారంతో సహా డాక్టర్ దగ్గరికి చేర్చండి.

ఒక స్కూలు గ్రౌండ్‌లో వాలీబాల్ నెట్‌కి గుడ్లగూబ చిక్కుకుందని తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి తలకిందులుగా వేలాడుతోంది, ఎడమ రెక్క చుట్టూ నెట్ మూడు మెలికలు తిరిగి ఉంది. వాచ్‌మన్ దాని పక్కనే నిలబడి ఊళ్ళో వాళ్ళందరినీ ఆపుతున్నాడు, అది ఆయన చేసిన పెద్ద సాయం. తల మీద దుప్పటి ముక్క వేశాను. అరచేయి కింద దాని గుండె కొట్టుకోవడం లెక్కపెట్టలేనంత వేగంగా తగులుతోంది. రెక్క జోలికి పోకుండా, దాని చుట్టూ జానెడు దూరంలో నెట్‌నే గుండ్రంగా కత్తిరించి, నెట్ ముక్కతో పాటు పెట్టెలో పెట్టాను. వాచ్‌మన్ అడిగాడు, "ఆ ముక్క కూడా తీసేసి ఎగరేస్తే పోతుంది కదమ్మా?" అని. ఎగిరేదేమో. కానీ గంటలకొద్దీ రక్తం ఆడక నొక్కుకుపోయిన చోట కండ చచ్చిపోవడం రెండు మూడు రోజుల తర్వాత గానీ బయటపడదు. ఆ గుడ్లగూబకి మూడో రోజున చర్మం నల్లబడింది. డాక్టరుగారి దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంకో మాట. "పైకి ఎగరేసి చూద్దాం" అనేది పరీక్ష కాదు. విరిగిన ఎముక ఉంటే కింద పడి ఇంకా విరుగుతుంది. అలాగే కరెంటు తీగ మీద, స్తంభం మీద ఉన్నదాని జోలికి కర్రతో కూడా వెళ్ళకండి. ముందు కరెంటు ఆఫీసువాళ్ళు సప్లై ఆపాలి. చెట్టు చిటారు కొమ్మకైతే ఫైర్ సర్వీస్‌ని అడగండి. షాక్ కొట్టిన జంతువు లేచి నడిచినా సరే వదలకూడదు, లోపలి కాలిన గాయాలు ఆలస్యంగా తెలుస్తాయి.

పెట్టె

చిల్లులు ముందే పొడవాలి. లోపల ప్రాణి ఉండగా కత్తెరతో పొడిచిన మనిషిని నేను చూశాను. అడుగున నూలు గుడ్డ పరవండి. టర్కీ తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. ఇనప తీగల పంజరం అసలే వద్దు, ఈకలన్నీ విరుచుకుంటుంది. ఆ ఈకలు మళ్ళీ మొలిచేదాకా నెలల తరబడి వదలడానికి ఉండదు. పెట్టె నిలబడేంత ఉండాలి, రెక్కలు విదిలించుకునేంత ఉండకూడదు. మూత మూసి టేపు వేయండి.

పిల్లలకీ, తడిసి చల్లబడినవాటికీ వెచ్చదనం కావాలి. బాటిల్‌లో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక వైపు మాత్రమే పెట్టండి. ఎక్కువ వేడి అనిపిస్తే అవతలికి జరిగే చోటుండాలి. బాటిల్ చల్లారితే వెంటనే మార్చాలి, లేకపోతే అదే ఒంట్లోని వేడిని లాగేస్తుంది. చల్లబడిన ఒంటికి మేత పెడితే అరగదు. ముందు వెచ్చబడాలి, తర్వాత ఒంట్లో నీరు నిలవాలి, తిండి ఆ తర్వాతే. చివరి రెండూ తెలిసినవాళ్ళ పని. పాలైతే ఎవరూ ఏ పక్షికీ పోయకండి. పక్షి తల్లులు పాలివ్వవు, పాలు అరిగించుకునే ఏర్పాటు పక్షికి లేదు. ఉడత పిల్లలకి కూడా ఆవు పాలు విరేచనాలు పట్టించి చంపేస్తాయి.

మన మందులు కూడా వద్దు. ఏ మందు ఏ ప్రాణికి విషమో మనకు తెలియదు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసి దక్షిణాసియాలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో దాన్ని ఆపించాల్సి వచ్చింది. అంత మామూలు మాత్ర అది.

పెట్టెని ఎవరూ తిరగని చీకటి గదిలో పెట్టండి. ఇదే అన్నిటికంటే కష్టం. పది నిమిషాలకోసారి మూత తీసి "పాపం ఎలా ఉందో" అని చూడాలనిపిస్తుంది. పిల్లలు అడుగుతారు, పక్కింటివాళ్ళు వస్తారు, ఎవరో సెల్ఫీ అంటారు. అడవి ప్రాణి మన చేతిలో కదలకుండా కూర్చుంటే నమ్మింది అనుకుంటాం. అది భయంతో బిగుసుకుపోయింది. ఆ భయానికే కండలు లోపల చితికి, అందులోంచి వచ్చిన పదార్థాలు కిడ్నీల్నీ గుండెనీ దెబ్బతీస్తాయి. క్యాప్చర్ మయోపతీ అంటారు దీన్ని. దెబ్బ నయమై, భయంతో పోయినవి ఉన్నాయి. నిమరకండి. దానికి మన నిమురుడు వేటగాడి పట్టు లాంటిదే. కార్లో పాటలు ఆపేయండి, మాటలు కూడా తగ్గించండి.

పెట్టె మూత మీద పెన్నుతో రాయండి: ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఏం జరిగింది, ఎవరైనా ఏమైనా పట్టించారా. ఎక్కడ దొరికిందన్నది చాలా ముఖ్యం. నయమయ్యాక అక్కడే వదలాలి. దాని జోడు, దాని చెట్టు, నీళ్ళు తాగే చోటు అన్నీ అక్కడే ఉన్నాయి. "మంచి అడవిలో వదిలాం" అని సంతోషంగా చెప్పేవాళ్ళకి ఈ మాట ఎలా చెప్పాలో నాకింకా చేతకాలేదు.

అద్దానికి గుద్దుకుని కేవలం దిమ్మెక్కిన పక్షి అయితే, పెట్టెలో ఒకటి రెండు గంటలు ఉంచి, బయటికి తీసుకెళ్ళి మూత తీయండి. బయట, ఇంట్లో కాదు. సాఫీగా ఎగిరిపోతే సరే. లేకపోతే డాక్టర్.

ముట్టుకోకూడనివి

గబ్బిలాలు, కోతులు, నక్కలు, ముంగిసల లాంటివి కరిస్తే రేబిస్ భయం ఉంది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి దాదాపుగా చికిత్స లేదు. గబ్బిలం పళ్ళు ఎంత సన్నవంటే గాటు కంటికి కనపడకపోవచ్చు. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్న గీతేగా అని ఆగకండి. నేల మీద పడిన గబ్బిలం మీద చిన్న పెట్టె బోర్లించి, కింద నుంచి అట్ట జరిపి, అలాగే తిప్పేయొచ్చు, గ్లవ్స్‌తోనే. గదిలో ఎగురుతుంటే ముందు ఫ్యాన్ ఆపండి. లోపలి తలుపు మూసి, కిటికీలు తెరిచి, లైటు ఆర్పి బయటికి వచ్చేయండి. దారి అది చూసుకుంటుంది.

పాము కనిపిస్తే నాలుగు అడుగులు వెనక్కి వేసి, ఎటు పోయిందో దూరం నుంచి కనిపెట్టుకుని, పాములు పట్టేవాళ్ళని పిలవండి. కిరోసిన్ పోయడం, పొగ పెట్టడం దాన్ని మీ వైపే తరుముతుంది.

ఎవరిని పిలవాలి అన్నది ఇవాళే తెలుసుకుని ఫోన్‌లో పెట్టుకోండి. అటవీ శాఖ, వన్యప్రాణుల రెస్క్యూవాళ్ళు, దగ్గర్లో ఉన్న పశువైద్యశాల. "మీరు అడవి పక్షుల్ని చూస్తారా?" అని ముందే అడగండి. కొన్ని క్లినిక్‌లు కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తాయి. రాత్రి పదకొండింటికి తలుపు దగ్గర ఈ సంగతి తెలిస్తే చాలా టెన్షన్.

ఇంట్లోనే పెంచుకోవాలన్న ఆశ నాకూ పుట్టింది, అబద్ధం చెప్పను. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు, అది ఒక సంగతి. రెండోది, పిల్లప్పుడు కళ్ళ ముందు ఎవరుంటే వాళ్ళే తనవాళ్ళని కొన్ని పక్షులు ముద్ర వేసుకుంటాయి. కొన్రాడ్ లోరెంజ్ వెనకాల బాతు పిల్లలు బారులు తీరి నడిచింది ఇందుకే. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. ఫొటోలో ముచ్చటగానే ఉంటుంది. నాకు తెలిసిన ఒకరు కాకి పిల్లని చేతి మీద పెంచి వదిలారు. అది కనిపించిన ప్రతి మనిషి భుజం మీదా వాలబోయింది. నాలుగో రోజు ఎవరో భయపడి కర్రతో కొట్టారు.

పెట్టె అవసరం రాకుండా

అద్దాలతో మొదలుపెట్టండి. పక్షికి అద్దం కనిపించదు, అందులో ఆకాశమూ చెట్టూ కనిపిస్తాయి. పెద్ద డేగ స్టిక్కరు ఒకటి అతికిస్తే దాని పక్క నుంచి వచ్చి గుద్దుకుంటుంది. చిన్న చుక్కలు, 5 సెంటీమీటర్లకొకటి, అద్దం అంతటా, బయటివైపు ఉండాలి. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద భవనం దగ్గర 2023 అక్టోబరులో ఒక్క రాత్రి, ఆ తెల్లవారుజాము కలిపి, వెయ్యికి దగ్గరగా వలస పక్షులు అద్దాలకి గుద్దుకుని చనిపోయాయి. మరుసటి ఏడాది అద్దాలకి చుక్కల ఫిల్మ్ వేశారు. చావులు సుమారు 95 శాతం తగ్గాయి. మా బాల్కనీ తలుపుకి నేను తెల్ల పెయింట్ పెన్నుతో చుక్కలు పెట్టాను, ఒక ఆదివారం పట్టింది. మా ఆయన దాన్ని మశూచి తలుపు అంటాడు. వలస కాలంలో రాత్రిపూట అనవసరమైన లైట్లు ఆర్పేయడం అంతకంటే తేలిక.

ఎలుకల మందు గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలామంది మానేస్తారు. బ్రోడిఫాకమ్ లాంటివి తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, మెల్లగా, ఆరుబయట తిరుగుతుంది. అలాంటి ఎలుకే గుడ్లగూబకి తేలిగ్గా దొరుకుతుంది. అది తిన్న గుడ్లగూబకీ లోపల రక్తం ఆగదు. మీ ఎలుకల్ని ఊరికే పట్టిపెట్టే పక్షిని మీరే చంపుకున్నట్టు. కన్నాలు మూయండి, చెత్త కప్పి పెట్టండి. జిగురు అట్టలైతే ఎలుకనే కాదు, బల్లినీ పిచ్చుకనీ కూడా పట్టుకుంటాయి. అలా అంటుకున్నదాన్ని పీకితే చర్మం ఊడి వస్తుంది. మిగిలిన జిగురు మీద టిష్యూ కాగితం కప్పి, అట్టతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

నీళ్ళ తొట్టిలో ఒక గరుకు చెక్క ఏటవాలుగా వేసి ఉంచండి, పడిన ఉడత ఎక్కి వస్తుంది. చెట్టు కొట్టించే ముందు గూళ్ళు ఉన్నాయేమో తలెత్తి చూడండి, ఉంటే పిల్లలు ఎగిరేదాకా ఆగండి. ఆటయ్యాక నెట్ చుట్టేయండి. నడుస్తున్న కారులోంచి తిండి విసరకండి. దానికోసం ఎలుక రోడ్డు మీదికి వస్తుంది, ఎలుక కోసం గుడ్లగూబ దిగుతుంది, దానికోసం మీ వెనక లారీ ఆగదు.

ఆ వాలీబాల్ గుడ్లగూబని ఐదు వారాల తర్వాత అదే గ్రౌండ్‌లో, చీకటి పడుతుండగా వదిలాం. మూత తీశాక చాలాసేపు కూర్చునే ఉంది, నాకు చెమటలు పట్టాయి. తర్వాత చప్పుడే లేకుండా లేచి గోడ మీద వాలి, అక్కడి నుంచి చింతచెట్టులోకి పోయింది. నెట్ చుట్టి స్తంభానికి కట్టేసి ఉంది. వాచ్‌మన్ రోజూ తానే చుడుతున్నాడట.

వాడిన పెట్టె మళ్ళీ వాడను, రోగాలు అంటుతాయి. గుడ్డతో సహా పారేసి, గ్లవ్స్ కడిగి, కొత్తది పెడతాను. అందుకే మా ఇంట్లో ఏ సామాను వచ్చినా అట్టపెట్టె పారేయడానికి ఎవరికీ పర్మిషన్ లేదు. మంచం కింద ప్రస్తుతం నాలుగున్నాయి.